తివాచీ మీది మొండి మరకలకు పెరాక్సైడా, ఎంజైమా?

వెలుగురేఖ:
నెత్తురు, పాలు, పెంపుడు జంతువుల మూత్రం వంటి మరకలు తివాచీలో ఎండిపోయాక ఏది వాడాలన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. మరకను చిన్న ముక్కలుగా విడగొట్టే ఎంజైమ్ ద్రావణం గంటల తరబడి తడిగా ఉంటే తప్ప పని చేయదు, ఈలోగా తివాచీకి ముక్కిపోయిన వాసన పడుతుంది. పెరాక్సైడ్ పోసిన మరుక్షణమే నెత్తురు నురుగు కక్కుతూ పైకి తేలడం కళ్లారా కనిపిస్తుంటే ఇంకా సందేహం ఎందుకో నాకు అర్థం కాదు.

పడుగుపేక:
వెలుగురేఖ గారూ, మీరు చూపుతున్న ఆ నురుగే నా అభ్యంతరం, నా మొగ్గు ఎంజైమ్ వైపే. నెత్తురులో ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, ఆ ఆక్సిజన్ బుడగలే మనకు నురుగుగా కనిపిస్తాయి. అవి మరకను కొంత కదిలించే మాట నిజమే గానీ, పోసిన మందులో చాలా భాగం మరక మీద పని చేయకుండానే ఖర్చయిపోతుంది. పైగా పెరాక్సైడ్‌కు మరక రంగు, తివాచీ రంగు అన్న తేడా తెలియదు. ముదురు రంగు తివాచీ మీద గోధుమ రంగు మరక పోయి, దాని చోట పాలిపోయిన మచ్చ మిగిలితే, ఆ మచ్చను ఇక ఏ ద్రావణమూ తీయలేదు.

నిదానం:
మీ ఇద్దరూ మరక గురించే వాదిస్తున్నారు, పోగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉన్ని కెరటిన్ అనే ప్రోటీన్, పట్టు కూడా ప్రోటీనే. నెత్తురు మరకను విడగొట్టే ప్రోటియేజ్ ఎంజైమ్‌కు ఉన్ని పోగు కూడా ఆహారమే కాబట్టి, పడుగుపేక గారి సలహాను ఉన్ని తివాచీకి ఎక్కువసేపు వర్తింపజేస్తే మరకతో పాటు పోగు కూడా బలహీనపడుతుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగు తివాచీలలో ఎక్కువ వాటికి రంగును పోగు తయారీలోనే కలుపుతారు కనుక, అవి పెరాక్సైడ్‌ను బాగానే తట్టుకుంటాయి. నైలాన్‌కు ఆ భరోసా లేదు, సోఫా కింద దాగే మూలన ఒక చుక్క వేసి, ఆరాక తెల్లగుడ్డతో ఒత్తి చూడాలి. గుడ్డకు రంగు అంటినా, ఆ చోటు వెలిసినా ఆ పద్ధతిని అక్కడితో మానుకోవాలి.

వానచినుకు:
వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

నిదానం:
రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చెరుపుకుని కార్బన్ డయాక్సైడ్ పోగా మిగిలేది ఇంచుమించు ఉప్పునీరు. విడివిడిగా వాడితే వాటికి ప్రయోజనం ఉంది.

వెలుగురేఖ:
పోగు విషయం ఒప్పుకుంటున్నాను. కానీ మూత్రం వాసన ఎంజైమ్ వాడిన చోట కూడా మళ్లీ వస్తుందే, దానికి ఏమంటారు?

పడుగుపేక:
ఎండిన మూత్రంలో యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మిగులుతుంది, అది నీటిలో సరిగా కరగదు. ప్రోటియేజ్ దాన్ని ముట్టుకోదు, యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉన్న ద్రావణం కావాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మూత్రం పోగుల దగ్గర ఆగదు, అడుగుపొరలోకి, దాని కింది మెత్తలోకి దిగుతుంది. పైపైన తుడిస్తే, ఆరేటప్పుడు తడి పోగుల వెంట పైకి పాకుతూ అడుగున ఉన్న మురికిని మళ్లీ మొనలకు తెస్తుంది, మరునాడు మరక తిరిగొచ్చిందని మనం ద్రావణాన్ని తిట్టుకుంటాం. అందుకే మూత్రం ఎంత లోతు దిగిందో అంత లోతూ తడపాలి, తర్వాత మందపాటి పొడి గుడ్డలు పరిచి బరువు పెట్టి ఆ తడిని పైకి పీల్చాలి. అడుగుపొర జనపనారదైతే మాత్రం అంత తడి పనికిరాదు, జనపనారలోని గోధుమ రంగే పైకెక్కుతుంది.

నిదానం:
ఇందులో రెండు జాగ్రత్తలు చేర్చాలి. పెరాక్సైడ్ పోసిన చోట వెంటనే ఎంజైమ్ పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, కాబట్టి రెండూ వాడదలచినవారు ముందు ఎంజైమ్ వాడి, కడిగి, ఆరాకే పెరాక్సైడ్ జోలికి వెళ్లాలి. మూత్రం ఉన్న చోట క్లోరిన్ బ్లీచ్ మాత్రం ఎన్నడూ పోయకూడదు, మూత్రంలోని అమోనియాతో అది కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువులు పుడతాయి.

వెలుగురేఖ:
అయితే లేత రంగు పాలీప్రొపిలీన్ మీద ఎండిన నెత్తురుకు నా ఓటు ఇప్పటికీ పెరాక్సైడ్‌కే.

పడుగుపేక:
దానికి నాకు అభ్యంతరం లేదు, ముందు చన్నీళ్లతో అద్ది తీసినంత తీశాక పోయండి. వేడినీళ్లు తగిలితే నెత్తురులోని ప్రోటీన్ గడ్డకట్టి పోగును పట్టుకుంటుంది.