పటిక బకెట్టా, ఫిల్టరు ప్లాంటా? ఫ్లోరైడ్ ఊళ్లకు చవకైన దారి ఏది?

రసాయన శాస్త్రం మాస్టారు:
నల్గొండ జిల్లా పేరు ప్రపంచంలోని నీటి ఇంజినీర్లందరికీ తెలుసు. తాగునీటిలో ఎక్కువైతే పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్‌ను తీసేయడానికి 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’ వల్లనే. కావలసినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. బకెట్టు నీళ్లలో కలిపి పది నిమిషాలు తిప్పి, ఓ గంట కదపకుండా ఉంచితే తెల్లటి మడ్డి అడుగుకు చేరుతుంది. ఫ్లోరైడ్ చాలావరకు దానితోపాటే దిగిపోతుంది. కరెంటు అక్కర్లేదు. దీన్ని వదిలేసి, నీటిని సన్నటి పొరగుండా ఒత్తిడితో వడకట్టే ఆర్వో ప్లాంట్ల వెంట ఎందుకు పడ్డామన్నదే నా బాధ. వాటిలో తోడిన నీళ్లలో చాలా భాగం వృథాగా పోతుంది, అది కూడా ఫ్లోరైడ్ మరింత చిక్కబడి.

ప్లాంటు నిర్వాహకుడు:
మాస్టారూ, పటిక ఎంత వేయాలో ఇంటింటికీ ఎవరు చెబుతారు? ఒక్కో బోరులో ఫ్లోరైడ్ ఒక్కో తీరు, క్షారగుణం ఒక్కో తీరు, ఎండాకాలం వస్తే మళ్లీ మార్పు. తగ్గితే ఫ్లోరైడ్ పోదు, మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. మా ఊళ్లో 20 లీటర్ల క్యాను 5 రూపాయలు. కరెంటు బిల్లు, ఫిల్టర్ల మార్పిడి ఆ డబ్బులోనే. పేదవాళ్లు కూడా కొంటున్నారంటే వాళ్లకు నమ్మకం కుదిరినట్టే కదా!

ఓ కోడలు:
ఆ బకెట్టు తిప్పినదాన్ని నేను. ఫ్లోరైడ్ నీళ్లతో మా అత్తగారు నడుము వంగిపోయి, తల పక్కకు తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేవారు. ఆమె కోసమే మొదలుపెట్టాను. తెల్లవారుజామున ఉపాధి పనికి పోవాలి. నీళ్లు తేరుకునేదాకా పొయ్యి మీద ఎసరు పెట్టడానికి లేదు. ఆ మడ్డి ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పలేదు, పెరట్లో గుంత తీసి పోసేదాన్ని. నాలుగు నెలలకు మానేశాను. చవక అన్నవాళ్ల లెక్కలో నా గంట లేదు.

అన్నా, మీ క్యాను తాగడానికే సరిపోతుంది. అన్నం, పప్పు ఉడికేది బోరు నీళ్లతోనే. ఆ ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది. మీ ప్లాంటు మోటారు కాలిపోయినప్పుడు పదిహేను రోజులు అందరం చేతిపంపు దగ్గరే ఉన్నాం.

రసాయన శాస్త్రం మాస్టారు:
అమ్మా, మీ గంటను నేను లెక్కలో వేయలేదు. తప్పు నాదే.

బడిలో జరిగింది చెబుతాను. పిల్లలు చేతిపంపు నీళ్లు, మిషన్ భగీరథ కుళాయి నీళ్లు తెచ్చారు. పరీక్ష గొట్టంలో గులాబీ రంగు మందు చుక్కలు వేశాం. కుళాయి నీళ్లలో గులాబీ అలాగే నిలిచింది, చేతిపంపు నీళ్లు మెల్లగా పసుపుకు తిరిగాయి, అంటే వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నమాట. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. మరిగిస్తే పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అందుకే ఊరికొక పరీక్ష పెట్టె ఉండాలంటాను. వంటకు కూడా సరిపోయే కుళాయి నీళ్లు ఇంటికి వస్తుంటే ముందు వాటినే నమ్ముదాం. అవి రాని రోజులకు పటిక పద్ధతి పంచాయతీ ట్యాంకు దగ్గర, జీతమున్న మనిషి చేతిలో ఉండాలి. ఆడవాళ్ల నెత్తిన కాదు.

ప్లాంటు నిర్వాహకుడు:
కుళాయి నీళ్లు వచ్చినా రుచి బాగుండదని క్యానుకే వస్తున్నారు మాస్టారూ. వద్దనమంటారా?

రసాయన శాస్త్రం మాస్టారు:
వద్దనకండి. మీరు బయటికి వదిలే నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూద్దాం. ఆదివారం వస్తాను, పరీక్ష పెట్టె నేనే తెస్తాను.