ఈ వారం సమస్య: జనము నిండిన చోటున జనము లేదు

నిర్వాహకులు: తేటగీతి పద్యానికి చివరి పాదం ఇది, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. బరంపురం స్టేషన్లో ఫుట్‌ ఓవర్ బ్రిడ్జి మీంచి తీసిన ఫొటో చూసి ఇచ్చాను. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంది. షట్టరు సెకనులో 30వ వంతు తెరిస్తే చాలే వెలుతురు. లెన్సుకి 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని సుమారు వెయ్యో వంతుకి తగ్గించే నల్లటి అద్దం) బిగిస్తే అదే 34 సెకన్లయింది. రైలు పెట్టెల మీది నంబర్లు చదవొచ్చు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ మాత్రం పొగ. బ్రిడ్జి మీద ఎవరైనా గట్టిగా నడిస్తే ట్రైపాడ్ అదిరి నంబర్లూ పోయేవి.

పర్లాకిమిడి:
రైలు కూతకు పరుగెత్తు రద్దినెల్ల
తెరచి యుంచిన షట్టరు తెలుపకుండ
చెరిపివేసెను, చూడగ చిత్రమందు
జనము నిండిన చోటున జనము లేదు

రాయగడ: యతులు కుదిరాయి. రద్దీకి దీర్ఘం కత్తిరించారేం? "ప్రజలనెల్ల" అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి కదా.

పర్లాకిమిడి: సరే, ప్రజల్నే పరుగెత్తిద్దాం. షట్టరు అన్న మాట మాత్రం తీయను. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది!

రాయగడ:
పారిసందున డాగెరు పటము దీయ
నడుచువారలు మాయమై నల్లబూట్లు
తుడువ నిలిచిన యొక్కడే తోచెనయ్య
జనము నిండిన చోటున జనము లేదు

(ఫొటోగ్రఫీ తొలినాళ్లలో డాగెర్ పారిస్‌లో తీసిన 1838 నాటి చిత్రం. ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగడంతో వీధిలో కదిలేవాళ్లెవరూ పడలేదు.)

నిర్వాహకులు: విషయం గట్టిది. అయితే బూట్లు నల్లవని ఎవరు చూశారమ్మా? యతి కోసం పూసిన పాలిషు! "అయ్య" పాదం నింపడానికి వచ్చాడు. పైగా బూట్లు తుడిచేవాడూ అందులో కనిపిస్తాడు. "తుడువ నిలిచిన యిద్దరే తోచిరచట" అంటే అయ్య పోతాడు, తుడిచేవాడు వస్తాడు.

బరంపురం:
బల్లపై నిద్రపోయిన పల్లెటూరి
ముసలి తాతయె మిగిలెను మూటతోడ
పరుగు తీసిన వారెల్ల పలచబడిరి
జనము నిండిన చోటున జనము లేదు

పర్లాకిమిడి: కెమెరా ఊసే లేదు. ఫొటో చూడనివాళ్లకి ఏం అర్థమవుతుంది? "ముసలి తాత" పునరుక్తి కూడా.

నిర్వాహకులు: పూరణ విడిగా నిలబడాలి, ఒప్పుకుంటాను. కానీ "పలచబడిరి" దగ్గర ఆగండి. పరుగెత్తేవాడు ఏ ఒక్కచోటా నిండా సెకను ఉండడు. అతని వెనకున్న గోడ మిగతా సేపంతా లెన్సులోకి వెలుగు పంపుతూనే ఉంటుంది. అందుకే మనిషిలోంచి గోడ కనిపిస్తుంది. ముదురురంగు చొక్కాలు ముందు మాయమవుతాయి, తెల్లచొక్కాలు చారలుగా మిగులుతాయి. ఆ వ్యవహారమంతా ఒక్క క్రియలో పట్టారు. నా ఓటు దీనికే. పునరుక్తి పోవాలంటే "ముదుకడొక్కడె" అనొచ్చు.

బరంపురం: ముదుకడా! మా ప్లాట్‌ఫారం మీద ఆ మాటతో పిలిస్తే ఎవరూ పలకరండీ. తాతని తాతగానే ఉండనివ్వండి.