‘ఆజానుబాహుడు’ అంటే కండలు తిరిగినవాడేనా?

కథలో ఒక పాత్ర ఉంది. ఎత్తు, కండ, నిండుతనం మూడూ ఉన్న మనిషి. ‘ఆరడుగుల ఆజానుబాహుడు’ అని రాశాను గానీ మరీ అరిగిపోయిన మాటలా ఉంది. ఇంకో మాట చెప్పగలరా?

—

అరిగిపోవడం సంగతి అలా ఉంచండి, అసలు అందులో కండల ఊసే లేదండీ. జానువు అంటే మోకాలు. ఆబాలగోపాలం, ఆసేతుహిమాచలం మాటల్లో ‘దాకా’ అనే అర్థమిచ్చే ‘ఆ’యే ఇక్కడా ఉంది. మోకాళ్లదాకా వచ్చే చేతులు గలవాడు ఆజానుబాహుడు. బుద్ధుడికి చెప్పే 32 మహాపురుష లక్షణాల్లో కూడా ఇది ఉంది. కాబట్టి బక్కపలచటి మనిషి కూడా నిక్షేపంగా ఆజానుబాహుడు కావచ్చు!

వాల్మీకి రామాయణం బాలకాండ మొదటి సర్గలో నారదుడు రాముణ్ణి వర్ణించే చోటు చూడండి. ‘ఆజానుబాహుః’ అని ఊరుకోలేదు. వెడల్పాటి భుజాలకు ‘విపులాంసః’, విశాలమైన ఛాతీకి ‘మహోరస్కః’ అని విడివిడిగా చెప్పాడు. వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది ‘గూఢజత్రుః’. జత్రువులంటే మెడ కింద అటూ ఇటూ ఉండే ఎముకలు. అవి కండలో మునిగిపోయి బయటికి కనబడనివాడు అని. కండలు తిరిగాయని ఎక్కడా అనకుండానే ఒళ్లు ఎలాంటిదో తెలిసిపోతుంది. కథ రాసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఆ చూపు. ఆ సమాసాన్ని తెచ్చి ఇప్పటి కథలో పెడితే మాత్రం నవ్వుతారు.

—

సంస్కృతం దాకా ఎందుకు సార్? ‘ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి’ అంటే సరిపోదూ? వెడల్పూ ఎత్తూ రెండూ వచ్చేశాయి. నోటికి సహజంగా కూడా ఉంటుంది.

—

‘భారీకాయం’ మాత్రం వద్దు. అది చదవగానే బలం కన్నా బరువే ముందు తోస్తుంది. ‘విగ్రహపుష్టి’ ఇంకా ప్రమాదం. వెనకే ‘నైవేద్యనష్టి’ వినబడుతుంది, తిండికి తప్ప పనికి రానివాడని వెక్కిరించినట్టు అయిపోతుంది. ‘వస్తాదు’ అంటే కుస్తీ గోదా గుర్తొస్తుంది. ఉర్దూలో గురువు అని అర్థమున్న ఉస్తాద్ మన దగ్గరికొచ్చి మల్లుడయ్యాడు. మీ పాత్ర కుస్తీ పట్టేవాడైతే వాడుకోండి.

—

మరి పాత్ర ఆడమనిషి అయితే? ‘దృఢకాయురాలు’ అంటే మెడికల్ రిపోర్టులా ఉంది.

—

అక్కడే ‘ఒడ్డూ పొడుగూ’ గెలుస్తుంది మేడమ్. మనిషి అన్నాక ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది.

—

అందరికీ థ్యాంక్స్. విశేషణం తీసేసి ఇలా మార్చాను: “తలుపు దగ్గర తల వంచి, భుజం కాస్త పక్కకు తిప్పి లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే కాళ్లు వెనక్కి లాక్కున్నారు.”

—

రెండో వాక్యం బాగా కుదిరింది, దాని జోలికి వెళ్లకండి. మొదటిదాంట్లో తల వంచడం ఒక్కటే ఉంచండి. తలా వంచి భుజమూ తిప్పితే ఇంట్లోకి బీరువా దించుతున్నట్టుంది.