ఇద్దరు సైకియాట్రిస్టులతో ఆరు ఊళ్ల ఓపీలు: ఎలా సర్దాలి?

బ్రాడీపేట నాలుగోలైను:
ఏ ఆఫీసు పేరూ ఎత్తను, లెక్క కోసం ఇలా అనుకోండి. గుంటూరు, తెనాలి, బాపట్ల, నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల. ఆరు చోట్లా వారానికో మానసిక వైద్య ఓపీ నడవాలని కాగితం మీద ఉంది. ఆ కాగితం రాసిననాడు సైకియాట్రిస్టులు నలుగురు, ఇప్పుడు ఇద్దరు. క్లినికల్ సైకాలజిస్టు ఒకరు, సోషల్ వర్కరు ఒకరు, ఈ పనిలో తర్ఫీదైన స్టాఫ్ నర్సులు ముగ్గురు. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల అని మూడు ముక్కలయ్యాక ఎవరి పేషెంటు ఏ లెక్కలోకి వస్తాడో తేలని చీటీలు ఇంకా ఉన్నాయి.

పైనుంచి వచ్చే మాట ఒకటే: "ఏదీ మూయొద్దు, పదిహేను రోజులకోసారైనా తెరవండి." నాకేమో చాలని మజ్జిగలో నీళ్లు పోసి పంక్తి మొత్తానికీ వడ్డించినట్టుంది. రెండు మూసేద్దామా, అందరికీ పల్చగా పంచుదామా, వీడియో మీద నడుపుదామా? సోమవారం నుంచి ఏం చేయాలో చెప్పండి.

లబ్బీపేట:
మూయనక్కర్లేదు, పల్చన చేయనూ కూడదు. మీకు కరువొచ్చింది క్లినిక్‌లకు కాదు, సైకియాట్రిస్టు గంటలకు. ముందు అవి లెక్కేయండి.

కొత్త కేసు సరిగ్గా చూడాలంటే అరగంట. కుదురుగా ఉన్న పాత కేసుకు ఎనిమిది నిమిషాలు. నాలుగు గంటల ఓపీ అంటే 240 నిమిషాలు: నాలుగు కొత్తవి, పదిహేను పాతవి, అక్కడితో సరి. బయట అరవై మంది కూర్చుని ఉంటే జరిగేది వైద్యం కాదు, చీటీ మీద "రిపీట్ ఆల్" (పాత మందులే మళ్లీ) అని గీకడం. వాళ్లలో చాలామందికి ఆ రోజు సైకియాట్రిస్టుతో పనే ఉండదు. నిద్ర పడుతోంది, మాత్ర వేస్తున్నాడు, పనికి పోతున్నాడు. బరువు, బీపీ చూసి నెల మందులిస్తే చాలు. అది నర్సూ, మెడికల్ ఆఫీసరూ చేసే పని.

ఇక రోడ్డు. గుంటూరు నుంచి మాచర్ల నూరు కిలోమీటర్లు దాటుతుంది. పోనూ రానూ రోజులో సగం కారులోనే పోతుంది, మిగిలేది రెండు మూడు గంటల ఓపీ. అందుకని గుంటూరు ఒకటి, నరసరావుపేట ఒకటి, రెండు కేంద్రాలు పెట్టుకుని ఒక్కో డాక్టరును ఒక్కోచోట కుదురుగా ఉంచండి. వారంలో మూడు రోజులు అక్కడి ఓపీ, ఒక రోజు బయటి ఊరు, ఒక రోజు వార్డు, సర్టిఫికెట్లు. మిగిలిన రోజున ఒక పూట పీహెచ్‌సీ డాక్టర్ల కేసులు ఫోన్లో మాట్లాడాలి. తెనాలి, బాపట్లకు గుంటూరు డాక్టరు వారం మార్చి వారం వెళ్తారు. పిడుగురాళ్ల, మాచర్లకు నరసరావుపేట నుంచి వీడియో. కానీ ఆ నాలుగు చోట్లా నర్సు మాత్రం ప్రతివారం అదే రోజు, అదే గదిలో ఉండాలి. డాక్టరు రాని వారం కూడా తలుపు తెరిచే ఉండాలి, మందు దొరకాలి. ఓపీ రోజును ఒక్కసారి మార్చినా ఆ నెల వచ్చేవాళ్లలో కొందరు మళ్లీ కనపడరు. ఆ ఊరి సంత రోజైతే ఇంకా మంచిది, చుట్టుపక్కలవాళ్లు ఎలాగూ బస్సెక్కుతారు.

పేషెంట్లను జిల్లా గీత చూసి కాదు, బస్సు చూసి పంచండి. సత్తెనపల్లి కాగితం మీద పల్నాడు, అయినా గుంటూరు రావడం తేలిక. రేపల్లెవాళ్లకు తెనాలి. గురజాల, వినుకొండ నరసరావుపేటకు.

గంటలు కారిపోయే చోటు ఇంకోటి ఉంది, సదరం, అంటే వైకల్య సర్టిఫికెట్ల పని. మానసిక వైకల్యానికి వాడే ఐడియాస్ కొలతలో నాలుగు అంశాలు: తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4. దాని మీద జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి ఇంకో మార్కు. ఇంటివాళ్లను అడక్కుండా వేస్తే ఆ మార్కులకు విలువ లేదు, అడిగి వేస్తే మనిషికి ఇరవై నిమిషాలు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 అయింది కాబట్టి ఈ వరస తగ్గదు. సోషల్ వర్కరు ముందురోజే పాత చీటీలు తెప్పించుకుని, ఇంటివాళ్లతో మాట్లాడి, వివరాలు రాసి పెడితే డాక్టరుకు పది నిమిషాల పని. మార్కు వేయాల్సింది మాత్రం డాక్టరే. సైకాలజిస్టునీ ఇలాగే కాపాడుకోండి. ఐక్యూ పరీక్షలన్నీ వారంలో ఒక్క రోజుకు కట్టేయకపోతే ఆయన కౌన్సెలింగ్ గది తలుపే తీయడు.

మందుల గది:
డాక్టరుగారి పట్టిక బాగుంది గానీ, మొదట కూలేది మందుల దగ్గర. తొంభై కిలోమీటర్లు వచ్చినవాడికి "మాత్రలు అయిపోయాయి, వచ్చేవారం రా" అని ఒక్కసారి చెబితే చాలు, మీ ఓపీ మీద నమ్మకం పోయినట్టే.

ఇండెంటు, అంటే మందులు కావాలని పంపే కాగితం, అందాజుగా పెట్టకండి. మనుషుల పేర్లతో లెక్క కట్టండి. ఒలాంజపిన్ 10 ఎంజీ రోజుకొకటి వాడేవాళ్లు 60 మంది ఉంటే నెలకు 1,800 మాత్రలు. మూడు నెలల నిల్వ 5,400. అది సగానికి, అంటే 2,700కి దిగగానే తర్వాతి ఇండెంటు పోవాలి. "పోయిన ఏడాది ఎంత ఖర్చయింది" అని చూసి పెడితే తప్పే, ఎందుకంటే స్టాకు లేని నెలల్లో ఖర్చు సున్నా. ఆ సున్నా కూడా సగటులో కలిసి ఈ ఏడాది ఇంకా తక్కువ వస్తుంది. ఏటా అదే గోతిలో పడేది ఇలాగే.

అందరూ మరిచిపోయేది ట్రైహెక్సీఫెనిడిల్ 2 ఎంజీ. రూపాయల్లో చూస్తే చిన్న మందు. అది లేనప్పుడు హాలోపెరిడాల్ వాడేవాడికి ఒళ్లు బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి, ఇంటివాళ్లు "మందు పడలేదు" అని మొత్తం మానిపించేస్తారు. రెండు నెలలకు జబ్బు తిరగబెట్టి వార్డుకొస్తాడు.

నెల సూదిమందు, అదే స్కిజోఫ్రెనియాకు ఇచ్చే ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ 25 ఎంజీ, మీలాంటి చోట పెద్ద ఆసరా. రెండు నుంచి నాలుగు వారాలకోసారి. నూనెలో కలిపిన మందు కాబట్టి సన్నసూదిలోంచి దిగదు, 21 గేజ్ సూది, అంగుళంన్నర పొడవు, పిరుదు కండలోకి లోతుగా, చర్మం పక్కకు లాగి పట్టుకుని ఇవ్వాలి. లేకపోతే నూనె బయటికి కారుతుంది, గడ్డ కడుతుంది. మొదటిసారి 12.5 ఎంజీతో చూడాలి. దీనికి వేరే రిజిస్టరు, అందులో తారీఖుల వరస. పేర్ల వరసన రాస్తే ఎవరు తప్పారో ఎప్పటికీ కనపడదు. గడువు దాటి ఏడు రోజులైతే ఆ ఊరి ఏఎన్ఎంకి ఫోను పోవాలి. "మానసిక రోగి ఎక్కడ" అని వీధిలో అడగొద్దని ఆశా కార్యకర్తకు గట్టిగా చెప్పండి. సూది వేయించుకోవాల్సిన తేదీ దాటింది అంటే చాలు.

బ్రాడీపేట నాలుగోలైను:
ఇద్దరికీ థాంక్సండీ. పీహెచ్‌సీ డాక్టర్లకు పాత కేసులు అప్పగించడం చెప్పినంత తేలిక కాదేమో. "మాకెందుకండీ ఈ మందులు, ఏదన్నా అయితే మామీదకొస్తుంది" అంటున్నారు. ఏవి కిందికి పంపొచ్చు, ఏవి పంపకూడదు?

తెనాలి మేడం:
వాళ్ల భయంలో సగం న్యాయముంది. మూడు రోజుల తర్ఫీదిచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టి వదిలేస్తే నేర్చుకున్నది ఆర్నెల్లు నిలవదు. లబ్బీపేటగారు చెప్పిన ఫోను పూట ఉందే, అసలు ప్రాణం అదే. వారానికి 45 నిమిషాలు, ఒక్కొక్కరు ఒకటి రెండు కేసులు. అది ఆగితే మిగతాదంతా ఆగుతుంది.

కిందికి పంపదగ్గవి: డిప్రెషన్, కుదురుగా ఉన్న స్కిజోఫ్రెనియా, తలనొప్పి, ఒంటినొప్పుల వెనకున్న ఆందోళన. డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న తప్పదు: ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి హుషారుగా, అతిగా మాట్లాడుతూ, డబ్బు పారబోస్తూ ఉన్నారా? ఉంటే రాయకుండా పైకి పంపాలి, మందు ఆ మనిషిని మేనియాలోకి తోయగలదు. లేకపోతే 10 ఎంజీ, పెద్దవాళ్లకు 5తో మొదలు. మొదటివారం వికారం, గుణం కనపడేది రెండు నుంచి నాలుగు వారాలకు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పకపోతే ఐదోరోజు మానేస్తారు. తగ్గాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి.

చావు ఆలోచనలు ఉన్నాయంటే నెల మందులు ఇవ్వొద్దు, వారానివి, అదీ ఇంటివాళ్ల చేతికి. ఎమిట్రిప్టిలిన్ వద్దు, మోతాదు మించితే గుండెకు ప్రమాదం. మన దగ్గర ఇంకో పని ఉంది. మిరప, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బా వసారాలోనే ఉంటుంది. అది ఆ రోజే ఇల్లు దాటి వేరేవాళ్ల తాళం కిందికి వెళ్లిందా లేదా అని నర్సు ఫోన్ చేసి అడగాలి. 14416, టెలీ మానస్ నంబరు, చీటీ మీద ముద్ర కొట్టించండి. అర్ధరాత్రి మాట్లాడే మనిషి దొరుకుతారు. దాన్ని మీ ఫాలో-అప్‌కు బదులు అనుకోవద్దు.

పంపకూడనివి: లిథియం (మేనియా, డిప్రెషన్ మారిమారి వచ్చేవాళ్ల మందు), క్లోజపిన్ (మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రెనియాకు) వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు, పిల్లలు, మొదటిసారి వచ్చిన సైకోసిస్ (లేనివి వినపడటం, లేనిపోని అనుమానాలు). పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ (ఫిట్స్‌కూ, మేనియాకూ ఇచ్చే మందు) ఉంటే "రిపీట్ ఆల్" కొట్టకుండా తిరిగి పైకి పంపాలి, కడుపులో బిడ్డకు హాని.

లిథియం మన ఊళ్లలో ఎండాకాలం మందు కాదు అనిపిస్తుంది నాకు. ఏప్రిల్, మే ఎండలో పొలంలో చెమటోడ్చిన మనిషికి ఒంట్లో నీళ్లు తగ్గి రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటాడు, అది ఇంకా పెంచుతుంది. పీహెచ్‌సీలో బీపీకి టెల్మిసార్టాన్ మొదలుపెడతారు, అదీ అంతే. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, నాలుక తడబడటం, తూలడం కనపడితే వడదెబ్బ అని సెలైన్ పెట్టి ఊరుకోకుండా మాత్ర ఆపి అదేరోజు గుంటూరు పంపాలి. నొప్పికి పారాసెటమాల్ చాలు. రక్తం తీయించేటప్పుడు రాత్రి మాత్రకు 12 గంటల తర్వాత, పొద్దుటి మాత్ర వేసుకోకముందు. "మాత్ర వేసుకుని రండి" అని చెప్పి పంపితే అంకె ఎక్కువ చూపించి, మంచి మోతాదును తగ్గించేస్తారు. ఉండాల్సింది 0.6 నుంచి 1.0. ఆర్నెల్లకోసారి కిడ్నీకి క్రియాటినిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్ష.

క్లోజపిన్‌కు మొదటి 18 వారాలు వారంవారం రక్తపరీక్ష, ఏడాది నిండేదాకా పదిహేను రోజులకోసారి, ఆపైన నెలకోసారి. తెల్లకణాలు 3,000 కంటే, వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 1,500 కంటే తగ్గితే మాత్ర ఆపాలి. మందుల గదివారు ఇది చూడాలి: 48 గంటలకు మించి మాత్ర తప్పితే పాత మోతాదు ఒక్కసారిగా ఇవ్వకూడదు, మళ్లీ 12.5 నుంచి ఎక్కాలి. కాబట్టి ఒక వారం స్టాకు లేకపోతే నెలలు వెనక్కి పోయినట్టే.

లబ్బీపేటగారితో ఒక్కచోట విభేదిస్తాను. మాచర్లలో మొదటిసారి వచ్చినవాళ్లను వీడియోలో చూడొద్దు. ఒళ్లు బిగుసుకుందా, వణుకుందా, వాసన వస్తోందా అన్నది తెర మీద తెలీదు, భార్య పక్కనే కూర్చుంటే భర్త నోరు విప్పడు. మొదటిసారి నరసరావుపేటలో మనిషిగా చూసి, తర్వాతివి వీడియోలో పెట్టండి.

లబ్బీపేట:
ఒప్పుకుంటున్నాను మేడం. అయితే కదల్లేని మనిషిని, బాలింతను నరసరావుపేట రమ్మనలేం. వాళ్లకు మాచర్ల డాక్టరు చెయ్యి పట్టి పరీక్ష చేస్తుంటే వీడియోలో చూడటమే దారి. ఇంకోటి నర్సులకు రాసివ్వండి: జ్వరంతో ఒక్కసారిగా తికమక పడుతున్నవాడు ముందు జనరల్ మెడిసిన్‌కు. సారా మానేసిన రెండు మూడు రోజులకు వణుకు, లేనివి కనపడటం కూడా ఓపీ వరసలో నిలబెట్టే కేసు కాదు, నేరుగా క్యాజువాలిటీకి. అక్కడ గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (బి1 విటమిన్) పడాలి.

అరండల్‌పేట:
చట్టం ముక్క రెండు మాటల్లో. 2017 మానసిక ఆరోగ్య చట్టం 94వ సెక్షన్ కింద ప్రాణాపాయం తప్పించడానికి రిజిస్టరైన ఏ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర వైద్యం చేయొచ్చు, నామినీ (పేషెంటు తరఫున నిర్ణయానికి పెట్టుకున్న మనిషి) అందుబాటులో ఉంటే వాళ్ల ఒప్పుకోలుతో. ఈసీటీ (కరెంటు షాక్ వైద్యం) మాత్రం కుదరదు. పీహెచ్‌సీ డాక్టర్ల భయానికి ఇదే జవాబు. ఇష్టం లేకుండా చేర్చుకునే 89వ సెక్షన్‌కు ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరే సైకియాట్రిస్టు అయితే చాలు, రెండోవారు మెడికల్ ఆఫీసరు కావచ్చు. మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు ఇలా చేర్చుకున్న ఆడవాళ్లు, మైనర్ల సంగతి 3 రోజుల్లో, మిగతావాళ్లది 7 రోజుల్లో తెలపాలి. ఇద్దరు డాక్టర్లతో నడిచేచోట తప్పేది ఈ తేదీలే, వార్డు గుమాస్తా గోడ మీద రాసుకోవాలి.

బ్రాడీపేట నాలుగోలైను:
అయితే సోమవారం కాగితం ఇలా పెడతాను. నర్సులు ముగ్గురే కాబట్టి గుంటూరు, నరసరావుపేటలో ఒక్కొక్కరు ఉండి తెనాలి, బాపట్ల, పిడుగురాళ్ల చూస్తారు, మూడోవారు మాచర్ల. ఫోను పూట శనివారం మధ్యాహ్నం.

తెనాలి మేడం:
శనివారం వద్దండీ, సగంమంది ఊరెళ్తారు. బుధవారం రెండున్నరకు పెట్టండి. మూడో నర్సును మాచర్లకే కట్టేయకండి, మిగతా ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టినా సూదిమందు రిజిస్టరు ఆగిపోతుంది. మాచర్ల వారానికి ఒక రోజు, మిగతా రోజులు ఆమె ఖాళీ పడినచోటికి.