సమస్యాపూరణం: “కరఁగిపోయినపుడె కరకరమనె”

సమస్యాదాత:
సమస్యాపూరణం అంటే ఇచ్చిన పాదానికి మిగతా పాదాలు కట్టి, అందులోని ముడి విప్పడం. రాసేవాళ్లను ఇక్కడ ఊరిపేర్లతోనే పిలుస్తున్నాం. ఈ వారం పాదం ఆటవెలదిలో నాలుగోది. కరిగినది మెత్తబడాలి గాని కరకరమనడం ఏమిటన్నదే ఇందులోని ముడి. విషయం కూడా ముందే చెప్తున్నాం: దావత్‌లో అన్నానికి ముందు పెట్టే చీజు చిరుతిండ్లు. షరతులు రెండు. ఛందస్సు తప్పొద్దు, వంట తప్పొద్దు. పద్యం చదివి పొయ్యి ముట్టిస్తే పని జరగాలి. అందుకని పూరణ కింద కొలతలు, సెగ, సమయం వచనంలో రాయండి.

కొత్తవాళ్ల కోసం: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు) సూర్యగణాలు; నగం, నలం, సలం, భగణం, రగణం, తగణం ఇంద్రగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగాల్సిన చోటు. మూడో పాదం ద్రుతంతో (నకారంతో) ముగిస్తే ‘కరఁగి’ కాస్తా ‘గరఁగి’ అవుతుంది. క, గ ఒకే వర్గం గనుక యతికి అడ్డు లేదు.

మట్టెవాడ:

సన్న సెగనుఁ బెనము చక్కఁగాఁ గాఁగఁగఁ
దురుము చీజు పరచి తొందర విడి
నురుగు లడఁగుదాఁక నోపిక నిలువఁగఁ
గరఁగిపోయినపుడె కరకరమనె

ఇది చీజు అప్పడం. నూనె అక్కర్లేదు, ఉప్పు అసలే వద్దు, చీజులోనే ఉంటుంది. అంటుకోని పెనం మీద రెండు పెద్ద చెంచాల తురుము (15 గ్రాముల దాకా) మూడంగుళాల వెడల్పున పలుచగా పరచాలి. నడుమ అక్కడక్కడ పెనం కనబడాలి. మందంగా పోస్తే అంచు మాడుతుంది, నడుమ రబ్బరులా మిగులుతుంది. సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు. మొదట కరుగుతుంది, తర్వాత నెయ్యి విడుస్తుంది, ఆపైన అంతటా నురుగు పొంగుతుంది. ఆ నురుగు చీజులోని నీరు ఆవిరై పోవడమే. నురుగు తగ్గి, చప్పుడు సన్నబడి, అంచు బంగారు రంగుకు తిరిగినప్పుడు పొయ్యి ఆపాలి. వెంటనే గరిట పెడితే ముద్దవుతుంది. నిమిషం ఆగి ఎత్తి, అప్పడాల కర్ర మీద వాల్చితే దోనెలా వంగుతుంది. అయిదు నిమిషాల్లో చల్లారి గట్టిపడుతుంది.

సమస్యాదాత:
గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. ‘ను’కు ‘నో’ పొసిగింది. అంతకన్నా నచ్చింది, కరిగిన వస్తువే కరకరలాడింది. లోపలొకటి పైనొకటి అని పంచుకోకుండా ముడి విప్పారు. ‘నురుగు లడఁగుదాఁక’ అన్న మూడో పాదంలో వంట గుట్టంతా ఉంది.

నర్సంపేట:
మట్టెవాడ గారూ, ఏ చీజు అన్నది చెప్పకపోతే సగం మందికి చెడిపోతుంది. పిల్లల డబ్బాల్లో పెట్టే క్యూబులు, స్లైసులు ప్రాసెస్డ్ చీజు. నీటినీ కొవ్వునూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు వాటిలో కలుపుతారు. అందుకే అవి నున్నగా కరుగుతాయి, నీరు మాత్రం త్వరగా వదలవు. పెనం మీద ఎంతసేపుంచినా సాగుతూనే ఉండి, చివరికి మాడతాయి. ప్యాకెట్టు వెనక ఎమల్సిఫైయర్ పక్కన 331, 339, 452 వంటి అంకెలుంటే (అవి ఆ లవణాల గుర్తులే) అప్పడానికి పనికిరాదనుకోండి. గట్టి చెడ్డార్ గాని పర్మేసాన్ గాని కావాలి.

హన్మకొండ:

పైన బ్రెడ్డు పొడికి పట్టుండఁగా లోనఁ
జీజుముద్ద వేఁడిఁ జెంది సాగఁ
దినెడివారి నోటఁ దీరని చవులూరఁ
గరఁగిపోయినపుడె కరకరమనె

చీజు బంతులు ఇరవై. ఉడికించి పూర్తిగా చల్లార్చిన ఆలుగడ్డ 250 గ్రాములు, మోజరెల్లా 200 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ రెండు పెద్ద చెంచాలు, మిరియాల పొడి అర చెంచా, సన్నగా తరిగిన పచ్చిమిర్చి రెండు, కొత్తిమీర. ఆలుగడ్డ వేడిగా ఉన్నప్పుడు చీజు కలిపితే అప్పుడే కరిగి ముద్ద జిగురవుతుంది. నిమ్మకాయలో సగమంత బంతులు చేయాలి.

పిండిజారుకు మైదా మూడు పెద్ద చెంచాలు, కార్న్‌ఫ్లోర్ రెండు పెద్ద చెంచాలు, నీళ్లు అర కప్పు లోపు. వేలు ముంచి తీస్తే వేలి మీద పొర నిలవాలి. జారులో ముంచి బ్రెడ్డు పొడిలో దొర్లించి, పది నిమిషాలు ఆగి, మళ్లీ అదే పని చేయాలి. ఒక్క పూతతో ఊరుకుంటే ఎక్కడో ఒకచోట సూదిమొనంత సందు మిగులుతుంది. చీజు అక్కడినుంచే కారి నూనెంతా నురగలు కట్టిస్తుంది. తర్వాత ఫ్రీజర్లో అరగంట.

సమస్యాదాత:
‘జీజు, జెంది’, ‘దినెడి, దీరని’ యతులు బాగున్నాయి. కరిగింది లోపలిది, కరకరలాడింది పైది. సమస్యకు ఇది తేలికైన దారి, తప్పేం కాదు. ‘బ్రెడ్డు పొడికి పట్టు’ అన్న మాట నాకు బాగా నచ్చింది. పొడి పట్టకపోతే ఈ వంటే లేదు.

పరకాల:
రంగు కోసం చాలామంది పై పొడిలో కారం కలుపుతారు. పైపూతలోని కారం నూనెలో ముందుగా నల్లబడి చేదెక్కుతుంది. కారం లోపలి ముద్దలోనే కలపాలి. మన వరంగల్ చపాటా మిర్చి దీనికి చక్కగా కుదురుతుంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెంచా వేసినా పిల్లలు తినగలరు.

బ్రెడ్డు పొడి లేకుంటే కార్న్‌ఫ్లేక్స్ నలిపి వాడొచ్చు గాని వాటిలో చక్కెర ఉంటే త్వరగా ఎర్రబడతాయి. మిక్చర్‌కు వేయించే పచ్చి మక్క అటుకులు మాత్రం వద్దు. సరిగ్గా పొంగకపోతే అవి పంటికి రాళ్లలా తగులుతాయి.

జనగామ:

పాలు విరిచి చేయు పన్నీరు ముక్కలు
పిండిజారులోనఁ బెట్టి తీసి
కాఁగు నూనెలోనఁ గమ్మఁగా వేయింపఁ
గరఁగిపోయినపుడె కరకరమనె

సమస్యాదాత:
నడక హాయిగా ఉంది, ఒక్క గణమూ తప్పలేదు. రెండు అభ్యంతరాలున్నాయి. ‘పనీరు’ లగంతో (లఘువు, గురువు) మొదలవుతుంది గనుక గణంలో ఇమడక ‘పన్నీరు’ చేశారు. కానీ పన్నీరంటే పెళ్లిలో అతిథుల మీద చల్లేది. వాడుకలో రెండూ కలిసిపోయాయి నిజమే, పద్యంలో మాత్రం గులాబీ నీళ్ల ముక్కలని అర్థం వచ్చే ప్రమాదం ఉంది.

రెండోది వంటకు సంబంధించింది. పనీరు కరగదు.

నర్సంపేట:
అవును, ఎంత సెగ పెట్టినా కరగదు. వేడి పాలను నిమ్మరసంతో విరిస్తే వచ్చేది పనీరు. ఆ పులుపుకు పాల ప్రోటీన్లను కలిపి ఉంచే కాల్షియం చాలామటుకు నీళ్లలోకి పోతుంది, వేడికి మిగతా ప్రోటీన్లు కూడా దానికే అతుక్కుంటాయి. మళ్లీ వేడి చేస్తే అవి ఇంకా బిగుసుకుంటాయే గాని జారవు. ఎక్కువసేపు వేయించిన పనీరు గట్టిపడేది అందుకే. మోజరెల్లాను రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే ఎంజైముతో) తోడుపెట్టి, పులుపు 5.2 పీహెచ్ దగ్గరికి రాగానే వేడినీళ్లలో సాగదీస్తారు. ఆ పులుపు దగ్గర కాల్షియం కొంతే పోతుంది. పట్టు ఉంటుంది, సాగుడూ ఉంటుంది.

పనీరుతో కరకర కావాలంటే పైపూతదే భారం. లోపల కరగాలన్న ఆశ పెట్టుకోవద్దు.

జనగామ:
ఒప్పుకుంటున్నాను. మొదటి పాదం మారుస్తున్నా:

సాగు గుణము గల్గు చక్కని చీజునుఁ
బిండిజారులోనఁ బెట్టి తీసి

సమస్యాదాత:
ఇప్పుడు పద్యమూ నిలిచింది, వంటా నిలిచింది. ఒకటే మాట: నీళ్లలో తేలుతూ వచ్చే తాజా మోజరెల్లా బంతులు కాకుండా దిమ్మగా అమ్మేది కొనండి. తాజాదానిలో నీరు మరీ ఎక్కువ, నూనెలో చిటపటలాడి పూతను చీలుస్తుంది.

కాజీపేట:

గడ్డకట్టినంతఁ గాఁగు నూనెనుఁ జొచ్చి
రెండు నిమిషములకె రీతి మాఱి
బుడగ లుడిగినంతఁ బొంగక చీలక
కరఁగిపోయినపుడె కరకరమనె

హన్మకొండ:
కాజీపేట గారూ, మూడో పాదం దగ్గర ఆగాలి. మట్టెవాడ గారి అప్పడంలో నురుగు ఆగాలి, నీరంతా పోవాలి. బంతి విషయంలో అది తిరగబడుతుంది. మొదట వచ్చే బుడగలు పైపూతలోని తడి. ఆ తడి అయిపోయి బుడగలు ఉడిగాయంటే సెగ లోపలికి దిగి చీజులోని నీటిని మరిగిస్తోందన్నమాట. ఆవిరి దారి వెతుక్కుంటుంది, పూత చీలుతుంది. బుడగలు ఇంకా చురుగ్గా ఉండగానే, బంతి తేలి బంగారు రంగు రాగానే తీయాలి. ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు, అంతే.

సమస్యాదాత:
ఒక్క మాట మారిస్తే చాలు, గణం కదలదు:

బుడగ లుడుగకుండఁ బొంగక చీలక

‘లుడిగి’ మూడు లఘువులు, ‘లుడుగ’ మూడు లఘువులు. ‘కుండ’ గలం. వంట సరయింది.

కరీంనగర్:

నూనె వేఁడి తగ్గఁ దెఱచు నోరు బంతి
వేఁడి మించెనేని వెలుపలఁ జెడు
నడిమి కాఁకఁ బట్టి నాలుగే వేయింపఁ
గరఁగిపోయినపుడె కరకరమనె

నూనె 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. కొలిచే కడ్డీ లేకుంటే అంగుళం బ్రెడ్డు ముక్క వేసి చూడండి, నిమిషంలో బంగారు రంగు రావాలి. అరనిమిషంలో వస్తే నూనె మరీ కాగింది. పైన ఎర్రబడి లోపల గడ్డ గడ్డగానే ఉంటుంది. వేడి చాలకుంటే పూత గట్టిపడేలోపు చీజు కరిగి బయటికొస్తుంది. ఫ్రీజర్లోంచి తీసిన బంతులు నూనెను చల్లారుస్తాయి, అందుకే ఒక వాయికి నాలుగే. వాయికీ వాయికీ నడుమ నూనె తిరిగి కాగనివ్వాలి.

సమస్యాదాత:
మొదటి పాదంలో రెండు చిక్కులు. ‘నూ’కు ‘దె’తో యతి కుదరదు. ‘దెఱచు నో’ నగం అయింది గాని ‘రు బంతి’ జగణం, ఇంద్రగణాల్లో అది లేదు. మాటలు ఇవే, వరస మార్చండి:

నూనె వేఁడి తగ్గ నోరు తెఱచు బంతి

‘నోరు తె’ భగణం, ‘ఱచు బంతి’ సలం, ‘నూ, నో’ యతి. బంతి నోరు తెరవడమన్న ఊహ ఈ వారం వచ్చినవాటిలో గొప్పది. పగిలిన చీజు బంతి అచ్చం అలాగే ఉంటుంది.

మట్టెవాడ:
తీసిన బంతులు కాగితం మీద కుప్పగా పోయొద్దు. అడుగునున్న వాటి ఆవిరి పైవాటిని మెత్తబరుస్తుంది. జల్లెడ బోర్లించి దాని మీద విడివిడిగా ఉంచండి. దావత్‌కు ముందురోజే రెండు పూతలూ వేసి ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు. గంటల తరబడి గడ్డకట్టినవాటికి అరనిమిషం ఎక్కువ పడుతుంది.

పాకాల:

సర్వపిండి నడుమఁ జల్లిన చీజంత
చిల్లులందు దూఱి సెగనుఁ దాఁకి
గిన్నె యడుగు నంటి కెంజాయ రంగులోఁ
గరఁగిపోయినపుడె కరకరమనె

బియ్యప్పిండి రెండు కప్పులు, నానబెట్టిన శనగపప్పు రెండు పెద్ద చెంచాలు, నువ్వులు ఒకటి, పొడిచేసిన పల్లీలు రెండు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు. ఉప్పు మామూలుకన్నా పావు వంతు తగ్గించాలి, చీజు తెచ్చే ఉప్పు ఉంది కదా. పిండి కలిపి నూనె రాసిన గిన్నెలో పలుచగా ఒత్తి, వేలితో ఏడెనిమిది చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. చీజు మొదట్లోనే వేయొద్దు. మూత కింది ఆవిరిలో అది జిగురుగానే ఉంటుంది. అడుగు పట్టి, అంచు గిన్నెను విడుస్తున్నప్పుడు మూత తీసి, చిల్లుకు పావు చెంచా చొప్పున చెడ్డార్ తురుము వేసి, మూత లేకుండా మూడు నిమిషాలు ఉంచాలి. చీజు చిల్లులోంచి గిన్నె అడుగుకు దిగి, అక్కడ సన్నటి జాలీలా వేగుతుంది. తిరగేసి చూస్తే పిండి అడుగున బంగారు చుక్కలు కనబడతాయి.

హన్మకొండ:
పాకాల గారూ, గిన్నప్పకు (సర్వపిండికే ఇంకో పేరు) చీజు ఇంత చక్కగా అతుకుతుందని పద్యం చదివాకే తెలిసింది. ‘చిల్లు’కు ‘సెగ’ యతి కూడా ముచ్చటగా ఉంది. ‘కెంజాయ’ ఒక్కటే ఒప్పుకోలేను. చీజు ఎర్రబడిందంటే చేదు మొదలైనట్టే. బంగారు రంగు దగ్గరే దించాలి.

పాకాల:
నిజం. యతి కోసం రంగు ముదిరింది. ఇట్లా మారుస్తున్నా:

గిన్నె యడుగు నంటి కెంపు గాకుండఁగఁ
గరఁగిపోయినపుడె కరకరమనె

సమస్యాదాత:
‘కెంపుగా’ రగణం, ‘కుండఁగ’ భగణం, ‘గి, కెం’ యతి. దిద్దుబాటే పద్యాన్ని పెంచింది. ఎప్పుడు దించాలో కూడా ఇప్పుడు పాదమే చెప్తోంది. ఈ వారం మొదటి స్థానం మట్టెవాడ, పాకాల గార్లిద్దరిదీ. ఇద్దరి పద్యాల్లోనూ కరిగిన చీజే కరకరలాడింది.

నర్సంపేట:
పాకాల గారి పద్ధతికి ఒక్క చేర్పు. రెండో సర్వపిండి ఒత్తేముందు గిన్నె బోర్లించి వెనక నీళ్లు పోసి చల్లార్చడం మన ఇళ్లలో ఉన్నదే. చీజు వేసినప్పుడు అంతకుముందే గిన్నె లోపల అడుగున అంటిన చీజు పొరను చెక్క గరిటతో గీకేయాలి. వదిలేస్తే రెండో వాయిలో అది మాడి, కొత్త పిండికి నల్లటి మచ్చలు పడతాయి. అంటుకోని పూత ఉన్న గిన్నె అయితే నీళ్లు పోయొద్దు, పూత పాడవుతుంది. పది నిమిషాలు దానంతటదే చల్లారనివ్వండి.

సమస్యాదాత:
వచ్చే వారం పాదం, ఇదీ ఆటవెలది నాలుగోదే. విషయం సకినాల పిండి:

నీరు లేక పిండి నీరుగారె