గ్రంథాలయం పోటీ పరీక్షల గదిగా మారడం మంచిదేనా?

గోదావరి పాఠకుడు:
మా పట్టణ శాఖా గ్రంథాలయానికి నవల కోసం వెళితే కూర్చోవడానికి చోటు దొరకడం లేదు. తలుపులు తీయకముందే గేటు దగ్గర సంచులు వరుస కట్టి ఉంటాయి. లోపల ఏ బల్ల చూసినా కరెంట్ అఫైర్స్ పత్రికలు, జిరాక్స్ కట్టలు, నీళ్ల సీసాలు. వచ్చేవాళ్లలో చాలామంది గ్రంథాలయ పుస్తకం ఒక్కటీ ముట్టరు, తమవి తామే తెచ్చుకుంటారు. కథలు, చరిత్ర ఉన్న బీరువాలకు మాత్రం తాళాలు. ఈమధ్య ఒక పాత కథాసంపుటి అడిగి తీయించుకున్నాను. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ మీద చివరి ముద్ర 2009 నాటిది. పరీక్షార్థుల మీద నాకు కోపం లేదు. కానీ వాళ్ల కోసం వేరే గదులు కట్టాలి గానీ, పిల్లలనూ పెద్దలనూ బయటికి నెట్టి ఉన్న గ్రంథాలయాన్నే స్టడీ హాలు చేయడం న్యాయం కాదు. మీరేమంటారు?

అశోక్‌నగర్ అభ్యర్థి:
ఒక్క పుస్తకమూ ముట్టరు అన్నారు కదండీ, ఎందుకు ముట్టమో చెబుతాను. నేను వెళ్లే చోట బీరువాలో ఉన్న ఎకానమీ పుస్తకం రాష్ట్ర విభజనకు ముందుది. 2014 తర్వాత జిల్లాల లెక్కే మారిపోయింది, పథకాలు మారాయి. ఆ పుస్తకం చదివి గ్రూప్-2 రాస్తే మార్కులు పోతాయి. అందుకే మా బరువు మేమే మోసుకొస్తాం.

మా గదిలో నలుగురం ఉంటాం. ఒకరు పడుకుంటే మిగతావాళ్లు లైటు ఆర్పాలి. ప్రైవేటు స్టడీ హాల్లో కుర్చీకి నెలనెలా కట్టాలి, ఇంటి నుంచి వచ్చేది మెస్సుకే చాలదు. మా నాన్నగారు కౌలు రైతు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం లాంటి చోట నువ్వెవరి పిల్లవు, ఎంత కట్టగలవు అని ఎవరూ అడగరు. ఆడపిల్ల చీకటి పడేదాకా ఒంటరిగా కూర్చుని చదువుకున్నా ఎవరూ వింతగా చూడని చోటు ఇంకెక్కడుంది? దాన్ని గ్రంథాలయం కాదంటే నాకు బాధగా ఉంటుంది.

డాలస్ తెలుగువాడు:
ఈ గొడవంతా కుర్చీల కొరత వల్ల వచ్చింది. ఇక్కడ గ్రంథాలయ కార్డు ఉంటే ఈ-పుస్తకం ఫోనులోకే అరువు వస్తుంది, గడువు తీరగానే దానంతట అదే వెనక్కి పోతుంది. చిన్న చదువు గదులను గంటల లెక్కన ముందుగా కేటాయిస్తారు. తెలుగు పాత పుస్తకాలు ఇప్పటికే ఆర్కైవ్.ఆర్గ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. బీరువాల్లో ఉన్నవన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టి, ఖాళీ అయిన చోటు అభ్యర్థులకు ఇస్తే సరిపోదా?

విశ్రాంత గ్రంథపాలకురాలు:
డాలస్ బాబుకు ముందు జవాబు. స్కాన్ చేయడానికైనా కాగితం ఎక్కడో భద్రంగా ఉండాలి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికలను దాచి ఉంచింది కాబట్టే పరిశోధకులు ఈనాటికీ అక్కడికి వెళుతున్నారు. ఇక కొత్త తెలుగు పుస్తకాలంటారా, అరువుకు దొరికే ఈ-పుస్తకాల్లో అవి చాలా తక్కువ. పైగా ఇంట్లో ఒక్క ఫోను, దానికి ముగ్గురు పిల్లలు ఉన్న కుటుంబాలను నేను రోజూ చూశాను. మీరు చెప్పిన గదుల కేటాయింపు పద్ధతి మాత్రం మనమూ తెచ్చుకోవాలి.

అసలు సంగతి డబ్బు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ సొమ్ము దారిలోనే ఆగి బకాయిలు పేరుకుపోవడం రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా వార్తల్లో చదువుతున్నదే. ఆ డబ్బు సకాలంలో వస్తే కొత్త ఎకానమీ పుస్తకమూ వస్తుంది, నవలా వస్తుంది, పక్కన ఇంకో గదీ లేస్తుంది. రాకపోతే ఇదిగో ఇలా, నవల చదివేవాళ్లూ పరీక్ష రాసేవాళ్లూ ఒకే కుర్చీ కోసం తగవులాడుకుంటారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అభ్యర్థులు పాఠకులు కారన్న మాట కూడా నేను ఒప్పుకోను. ఒక అబ్బాయి శాతవాహనుల మీద ఒక్క బిట్టు సరిచూసుకోవడానికి చరిత్ర పుస్తకం అడిగాడు. మర్నాడు వచ్చి దాని రెండో సంపుటి ఉందా అన్నాడు. బీరువా తెరిచి ఉంటే అలాంటివాళ్లు ఇంకా ఎంతమంది వస్తారో. 1914లో బెజవాడలో సభ జరిపి గ్రంథాలయోద్యమాన్ని నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం జనం ఎక్కడుంటే పుస్తకాన్ని అక్కడికి చేర్చింది. 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ పడవల్లోకి కూడా పుస్తకాలు ఎక్కించారు పాతూరి నాగభూషణం గారు. ఇప్పుడు జనం తమంతట తామే గేటు దగ్గర వరుస కడుతున్నారు. పుస్తకాన్ని ఆ బల్లల దాకా చేర్చడమే మనకు మిగిలిన పని.

గోదావరి పాఠకుడు:
అమ్మా, పన్ను సంగతి బాగా చెప్పారు. అయినా నా మాట మీద నేను ఉన్నాను. డబ్బు వచ్చేదాకా పిల్లల గది పిల్లలకే ఉండాలి. మా ఊళ్లో ఆ గదిలో కూడా అభ్యర్థుల కుర్చీలే వేశారు. పదేళ్ల పిల్లవాడు బొమ్మల పుస్తకం పట్టుకుని గట్టిగా చదువుకుంటే అందరూ ఉష్ అంటారు. వాడు మళ్లీ రాడు. ఇక తాళాల మాటకొస్తే, పోయిన పుస్తకానికి తామే జవాబు చెప్పుకోవాలన్న భయం సిబ్బందిది. ఏటా ఇన్ని పుస్తకాలు పోవడం మామూలేనని అధికారులు ముందే రాసిస్తే ఆ తాళాలు ఊడతాయి.

అశోక్‌నగర్ అభ్యర్థి:
పిల్లల గది విషయంలో మీతోనే ఉన్నానండీ. మా తమ్ముడు కూడా అలాగే మానేశాడు.

అమ్మగారు చెప్పింది చదివాక మా ఇంటి పన్ను రసీదు ఫొటో పంపమని నాన్నగారిని అడిగాను. గ్రంథాలయ పన్ను అని విడిగా పద్దు ఉంది. ఈ మూడేళ్లలో ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు, ఏ తేదీల్లో చేశారు అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాస్తున్నాను. ఎవరి ఊరి పేరు వాళ్లు నింపుకుని పెట్టుకునేలా నమూనా ఇక్కడే ఉంచుతాను. గోదావరి పాఠకుడు గారూ, మీ పురపాలక సంఘానికి మీరు పెడతారా?

గోదావరి పాఠకుడు:
పెడతానమ్మా. పిల్లల గది గురించి కూడా ఒక ప్రశ్న చేర్చు.