కామా, ఫుల్‌స్టాప్ లేని తెలుగు: అర్థమైతే చాలా?

అర్జీల టైపిస్టు:
తహసీల్దారు ఆఫీసు ఎదురుగా మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. సోమవారం గ్రీవెన్స్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది మా దగ్గరే అర్జీ టైప్ చేయించుకుంటారు. ఈమధ్య విషయం అంతా ముందే ఫోన్‌లో రాసి పంపుతున్నారు. అలా వచ్చిన మెసేజ్ ఒకటి కింద పెడుతున్నాను. పేర్లు, ఊరు, సర్వే నంబరు తీసేశాను. మిగతాది ఉన్నది ఉన్నట్టే.

"మా నాన్న బాబాయి పొలం అమ్మేశారు నాకు తెలియదు సంతకం పెట్టలేదు అన్న నాకు వాటా లేదు అన్నాడు ఇప్పుడు ఏం చేయాలి"

పొలం ఎవరు అమ్మారు? నాన్నే తన తమ్ముడి పొలం అమ్మారా? నాన్నకు బాబాయి అయ్యే పెద్దాయన అమ్మారా? నాన్న, బాబాయి ఇద్దరూ కలిసి అమ్మారా? "అమ్మేశారు" అన్నది మర్యాదకు వాడిందో, ఇద్దరని వాడిందో తెలియదు. తర్వాతి ముక్క ఇంకా కష్టం. "సంతకం పెట్టలేదు" దగ్గర ఆగితే, వాటా లేదన్నది వాళ్ళ అన్న. "సంతకం పెట్టలేదు అన్న నాకు" అని కలిపి చదివితే, ఆ మాట అన్నందుకు ఇతనికి వాటా లేదన్నది ఇంకెవరో. అర్జీలో ఎదుటి పార్టీగా ఎవరి పేరు రాయాలో దీన్నిబట్టే తేలాలి.

ఇది చదువు రానివాళ్ళ సమస్య అనుకోకండి. డిగ్రీలు చేసినవాళ్ళు కూడా ఇలాగే పంపుతున్నారు. అడిగితే "అర్థమైంది కదా, చాలదా?" అంటారు. నా ఉద్దేశంలో చాలదు. ఎక్కడ ఆగాలో చెప్పకుండా రాస్తే, రాసేవాడు చేయాల్సిన పని చదివేవాడి నెత్తిన పడుతుంది. చదివేవాడు తప్పుగా ఆగితే నష్టపోయేది మళ్ళీ రాసినవాడే. తెలుగులో విరామ చిహ్నాలు తప్పనిసరి అనుకోవాలని నా వాదన. మీరేమంటారు?

కరీంనగర్ పోరడు:
అన్నా, నేను ఒప్పుకోను. కామా పెట్టు, ఫుల్‌స్టాప్ పెట్టు అని మొదలైన మాట ఎక్కడ ఆగుతదో మాకు తెలుసు. తర్వాత "వస్తది" కాదు "వస్తుంది" అంటారు, ఆ తర్వాత "గిట్ల రాస్తే ఇది తెలుగేనా?" అంటారు. బడిలో మా మాటను తప్పని కొట్టేసిన ఎర్ర గీతలు మా నాన్న నోటుబుక్కుల ఇంకా ఉన్నయి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నం అంటే, ఆ బాధ ఎంత పాతదో చూడండి.

ఇంకో మాట. మీరు చూపించిన వాక్యంల లోపం కామాది కాదు. మా ఇంట్ల ఎవరూ "నాన్న బాబాయి" అనరు. "మా నాన్న వాళ్ళ బాబాయి" అంటరు. ఇద్దరూ అయితే "నాన్నా బాబాయీ" అని దీర్ఘం తీస్తరు. నోటితో మాట్లాడినట్టు రాస్తే భాషే దారి చూపిస్తది. ఆ మనిషి ఆఫీసు భాష రాయాలని భయపడి, రోజూ అనే "వాళ్ళ" తీసేసిండు. చుక్కలు నేర్పే ముందు ఆ భయం తీయాలె.

దస్తావేజు లేఖరి:
కరీంనగర్ తమ్ముడి మాటలో పస ఉంది. మా వృత్తే సాక్ష్యం. పాత క్రయ దస్తావేజు ఏదైనా తీసి చూడండి. "వ్రాయించి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా" అని ఎత్తుకుంటే పేజీ చివరిదాకా ఒకటే వాక్యం ఉంటుంది, కామా కూడా అరుదు. అయినా అవి చేతులు మారుతూ దశాబ్దాలు నిలబడ్డాయి. ఎందుకంటే ప్రతి మలుపు దగ్గరా ఒక మాట కాపలా ఉంటుంది: ఏమనగా, సదరు, గనుక, అందువలన, ఇందుమూలముగా. మనిషి పేరు వచ్చిన ప్రతిసారీ తండ్రి పేరుతో సహా మళ్ళీ రాస్తాం. సొమ్ము అంకెల్లో రాసి, అక్షరాల్లోనూ రాస్తాం. హద్దులు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని వరుసగా చెబుతాం. చుక్క చెరిగిపోవచ్చు, ఎవరైనా కొత్తగా పెట్టనూవచ్చు. మాటను అలా మార్చడం కష్టం. కాబట్టి ఆస్తి విషయంలో నేను చుక్క మీద ఆధారపడను.

డెస్క్ మీద పాతికేళ్ళు:
లేఖరి గారూ, ఆ దస్తావేజు చదవడానికి జనం మళ్ళీ మీ దగ్గరికే రావాలి కదా. ఆ రాత పకడ్బందీగా ఉంటుంది, నిజమే. కానీ కొనుక్కున్న రైతు దాన్ని సొంతంగా చదువుకోలేడు. పకడ్బందీ, చదవడానికి వీలు ఒకటి కాదు.

పత్రిక డెస్క్‌లో పనిచేసినవాడిగా కొంచెం చరిత్ర చెబుతాను. తాటాకు ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు, అక్షరాలు వరుసగా సాగిపోయేవి. పద్యం కాబట్టి నడిచింది. యతిప్రాసలు, గణాలు చెవికి పట్టిస్తాయి, చదివేవాడికి పద్యం ముందే నోటికి వచ్చి ఉంటుంది. చివర ఒక నిలువు గీతో రెండు గీతలో ఉంటే సరిపోయేది. వచనానికి ఆ ఆసరా లేదు. అచ్చుయంత్రంతో పాటు ఇంగ్లీషు కామా, ఫుల్‌స్టాప్ మన వచనంలోకి వచ్చాయి. హిందీవాళ్ళు వాక్యం చివర నిలువు గీత ఉంచుకున్నారు, మనం చుక్క తీసుకున్నాం. 1858 నాటి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలు ఉన్నాయి. సంజ్ఞ, సంధి నుంచి ప్రకీర్ణకం దాకా ఎక్కడా విరామ చిహ్నాలకు ఒక పరిచ్ఛేదం లేదు. అంటే ఇవి మన వ్యాకరణంలో పుట్టినవి కావు. బయటి నుంచి వచ్చి, అవసరం కాబట్టి ఉండిపోయాయి.

గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక ఉద్యమం గురించి మాట్లాడేటప్పుడు క్రియారూపాలే గుర్తుచేసుకుంటాం. ఆ భాష అచ్చులో స్థిరపడ్డాక పేజీ రూపం కూడా మారింది. సంధులు విడగొట్టి రాయడం అలవాటైంది, సమాసాలు పొట్టివయ్యాయి, వాక్యాలూ చిన్నవయ్యాయి. మాట్లాడే భాష, విడదీసిన మాటలు, చుక్క కలిసే వచ్చాయి. కాబట్టి తమ్ముడూ, చుక్క మీ యాసకు శత్రువు కాదు. "గిట్ల అయితది." అని రాసి చుక్క పెడితే ఆ మాటకు వచ్చే లోటేమీ లేదు.

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. ఇప్పుడు ప్రతి ముక్క తర్వాతా మూడు నాలుగు చుక్కలు పెడుతున్నారు. "నేను వెళ్ళాను.... అక్కడ ఎవరూ లేరు.... తిరిగి వచ్చాను...." కామా ఎక్కడ, ఫుల్‌స్టాప్ ఎక్కడ అని ఆలోచించకుండా అన్నిటికీ ఇదొక్కటే వాడుతున్నారు. మాట పూర్తయిందా, మిగిలి ఉందా అన్న తేడా పోతోంది.

చెవితో చదివేవాడిని:
నాకు చూపు లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తే వింటాను. మీకు కామా కంటికి కనిపించే గుర్తు. నాకు అది చెవిలో పడే చిన్న ఆగుడు. ఫుల్‌స్టాప్ దగ్గర గొంతు దిగుతుంది, మాట అయిపోయిందని తెలుస్తుంది. ఏ గుర్తూ లేని పేరా వస్తే యంత్రం ఊపిరి తీసుకోకుండా చదివేస్తుంది. మీరైతే వెనక్కి ఒక చూపు చూస్తారు. నేను ఆ పేరా మొదటి నుంచి మళ్ళీ వినాలి.

డెస్క్ గారు చెప్పిన చుక్కల వరుసలు నా సెట్టింగుల్లో "చుక్క చుక్క చుక్క" అని వినిపిస్తాయి. గుర్తులు చదవొద్దని పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు పద్దుల్లో అంకెల మధ్య ఉన్న గుర్తులు కూడా వినపడవు.

యాస గురించి నా అనుభవం కూడా చెప్పాలి. "వస్తది", "వత్తది", "వస్తుంది" ఏది రాసినా యంత్రం చదువుతుంది, నేను అర్థం చేసుకుంటాను. దాని వల్ల నాకు ఒక్క క్షణం కూడా నష్టం లేదు. ఆగుడు లేకపోతే ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

అర్జీల టైపిస్టు:
అన్నగారూ, మీరు చెప్పింది నాకు చాలా పెద్ద విషయం. రెండూ వేరని నేనూ అంటున్నాను. "అర్జీలో మా యాస తీసేసి మంచి తెలుగు పెట్టండి" అని వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ మాట వాళ్ళదిగానే ఉంచుతాను. పొలం గట్టు గొడవ ఆ మాటలోనే సూటిగా ఉంటుంది.

కరీంనగర్ తమ్ముడూ, "వాళ్ళ" గురించి మీరన్నది నిజం. నోటితో చెప్పేటప్పుడు ఎవరూ తడబడరు. కానీ వాళ్ళ చేతిలో ఉన్నది ఫోను. అరచేతిలో టైప్ చేస్తూ పొట్టిగా కొడతారు, లేదా మైకు నొక్కి మాట్లాడతారు. మాట్లాడి రాయిస్తే నా ఫోనులో ఒక్క చుక్క కూడా పడటం లేదు. నోటిలో ఉన్న విరామం కాగితం మీదికి రావాలంటే ఎవరో ఒకరు దాన్ని పెట్టాలి. పైగా "వాళ్ళ" అన్ని చోట్లా ఆదుకోదు. "మా అన్న నేను సంతకం పెట్టలేదు అంటున్నాడు" అని రాస్తే పెట్టనిది అన్నా, రాసినవాడా? మాట్లాడేటప్పుడు గొంతు చెబుతుంది. కాగితం మీద కొటేషన్ గుర్తు కావాలి, లేదా "తను" అని మార్చాలి. ఎదుటివాళ్ళ మాటను "అని" పెట్టి ఉన్నదున్నట్టు చెప్పడం మన భాషకు ఎంత సహజమో మీకు తెలుసు. అలాంటి భాషకు కొటేషన్ గుర్తు అవసరం ఎక్కువే.

న్యూజెర్సీ అమ్మ:
ఇక్కడ పుట్టిన పిల్లలకు వారాంతంలో తెలుగు నేర్పుతాను. వాళ్ళను కామా కన్నా ఖాళీలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. "చెప్పు కోవాలి" అని విడిగా ఉంటే పిల్లాడు కాలి చెప్పు అనుకుంటాడు. "ఆపని" కలిసి ఉంటే ఆపనిది అనా, ఆ పని అనా అని అడుగుతాడు. ఇంట్లో నిత్యం తెలుగు వినేవాళ్ళకు ఇది కనపడదు. దయచేసి క్రియను ముక్కలు చేయకండి, "వెళ్ళిపోయాడు" ఒకటే మాట.

హైస్కూల్ తెలుగు టీచర్:
మేడమ్ చెప్పిన పదాల విభజన ఇక్కడి పిల్లలకూ కష్టమే. నేను వేరే విషయం అడగాలని వచ్చాను. మార్కులు ఎక్కడ తీయాలి? మేము "బాధ"ను "భాద" అని రాస్తే తీస్తాం. "అర్థం"కు బదులు "అర్ధం" రాస్తే తీస్తాం. చుక్క లేకుండా అరపేజీ రాస్తే చాలామందిమి ఏమీ తీయం. కానీ "భాద" చూసి అది వేరే విషయం అనుకునే మనిషి లేడు. చుక్క లేని చోట మనిషే మారిపోతున్నాడని పై అర్జీలో చూశాం. చిన్నదాన్ని పట్టుకుని పెద్దదాన్ని వదిలేస్తున్నాం అనిపిస్తోంది.

ఒత్తులు అక్కర్లేదని అనను, నేర్పి తీరాలి. అయితే ఎనిమిదో తరగతి పిల్లాడు తన ఊళ్ళో జరిగిన విషయాన్ని పది వాక్యాల్లో, ఎవరు ఏం చేశారో తికమక లేకుండా రాస్తే దానికే ఎక్కువ మార్కులు ఇవ్వాలని నా అభిప్రాయం.

దస్తావేజు లేఖరి:
డెస్క్ గారి ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. చదువుకోవడానికి వీలుగా ఉండాలన్నది ఒప్పుకుంటాను. ఈ మధ్య షరతులకు నంబర్లు వేసి, ఒక్కో షరతు ఒక్కో పేరాగా రాస్తున్నాం. కొనేవాళ్ళు కూర్చుని చదువుకుంటున్నారు, ప్రశ్నలు అడుగుతున్నారు. అయినా "సదరు" తీయను, పేరు మళ్ళీ రాయడం మానను. చుక్క ఉంటే ఉండనివ్వండి, చుక్క పోయినా అర్థం నిలబడేలా రాయడమే నా పని.

అర్జీల టైపిస్టు:
పైన పెట్టిన మెసేజ్ గురించి ఇద్దరు విడిగా అడిగారు. అతన్ని పిలిపించి కనుక్కున్నాను. అమ్మింది నాన్న వాళ్ళ బాబాయి. సంతకం పెట్టనిది నాన్న. వాటా లేదన్నది పెద్దాయన కొడుకు. మేమెవ్వరం ఊహించని మనిషి, మెసేజ్‌లో అతని ప్రస్తావనే లేదు. కాబట్టి చుక్కలన్నీ సరిగ్గా పెట్టినా ఆ వాక్యం పూర్తయ్యేది కాదు. ప్రతి క్రియకూ కర్త ఎవరో రాయాలి, మనిషి మారిన చోట వాక్యం ఆపాలి. ఈ రెండూ పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి కౌంటర్ దగ్గర అంటించాను. టైప్ చేశాక అర్జీ పైకి చదివి వినిపిస్తున్నాను కూడా. కామా తప్పు చోట పడితే వినేవాళ్ళే "అలా కాదు" అని ఆపుతున్నారు.

కరీంనగర్ పోరడు:
గీ పద్ధతి మంచిగుంది అన్నా. వినిపించుడు అన్నిట్ల మేలు. కానీ టీచర్ గారూ, నా ప్రశ్న మీకే. పది వాక్యాలు తికమక లేకుండ రాసిన పిల్లగాడు "వచ్చిండు", "చేసిండు" అని రాస్తే పూర్తి మార్కులు పడ్తయా? అది చెప్పండి. చుక్క సంగతి అప్పుడు ఒప్పుకుంట.

హైస్కూల్ తెలుగు టీచర్:
సొంత అనుభవం రాయమన్న ప్రశ్నకు నా క్లాసులో పడతాయి. ఆఫీసుకు ఉత్తరం రాయమన్న ప్రశ్నకు ప్రామాణిక రూపాలు అడుగుతాను, అదీ ముందే చెప్పి. పబ్లిక్ పరీక్ష పేపర్లు నా చేతిలో ఉండవు. అక్కడ దిద్దేవాళ్ళకు ఇచ్చే సూచనల్లో ఈ తేడా స్పష్టంగా రాయాలని మా సబ్జెక్టు టీచర్ల సమావేశంలో అడగబోతున్నాను. మీ నాన్నగారి నోటుబుక్కు పేజీ ఒకటి ఫోటో తీసి పంపగలరా? పేరు కనపడకుండా చూపిస్తాను.

కరీంనగర్ పోరడు:
రేపు పంపుత.